పాత తొట్టికి రిజిస్టరీ



ట్రాక్టరునకు రిజిస్టరీ ఉండవలెనని నేడు తెలియనివారు లేరు. ట్రాక్టరు వెనుక తగిలించు తొట్టికి వేఱుగా రిజిస్టరీ ఉండవలెనని తెలిసినవారు కొందఱే. తెలిసియు చేయించుకొన్నవారు అంతకంటెను తక్కువ. ఈ సంగతి చిన్నదిగా కనుపించును గాని, దీనివలన ఒక సంసారమునకు సంసారమే అప్పులలో మునిగిపోవుటకు అవకాశమున్నది. అందుచేత నేటి ప్రసంగమునకు దీనిని తీసికొంటిని.

చట్టములో ట్రెయిలరు అని వ్రాసినదానిని మన శృంగవరపుకోట వైపు తొట్టి యందురు, ట్రక్కు అందురు, ట్రాలీ అందురు. పేరేదైనను వస్తువు ఒక్కటే. పొలమునకు పెంట తోలుటకును, కళ్ళము నుండి ధాన్యము ఇల్లు చేర్చుటకును, ఇల్లు కట్టువేళ ఇసుక, ఇటుక తెచ్చుటకును, భీమసింగి చక్కెర మిల్లు ఆడిన సంవత్సరములలో చెరకు మోయుటకును ఇదియే ఆధారము. జామి, వేపాడ, లక్కవరపుకోట, గంట్యాడ, ఎటు పోయినను ప్రతి ఊరిలోను ఇవి కనుపించును.

ఈ తొట్టులన్నియు ఒక్క విధముగా వచ్చినవి కావు. కొన్ని కంపెనీలో కొన్నవి. కొన్ని చేతులు మారి మారి వచ్చినవి; మొదటి యజమానుడెవరో నేటి యజమానునికి తెలియదు. మఱికొన్ని ఊరి కమ్మరి చేతను, వెల్డింగు దుకాణము వాని చేతను చేయించినవి. పాత లారీ ఇరుసు ఒకటి, పాత కమానులు రెండు, ఇనుప కమ్ములు, రేకులు తెచ్చి వారము రోజులలో కట్టింపబడినవి. ఇవిగాక ఇంకొక తెగ యున్నది. ఎడ్లు అమ్ముడుపోయిన పిమ్మట టైరుబండి కాడిమ్రాను కోసివేసి, దానికొక ఇనుప కొక్కెము తగిలించి ట్రాక్టరునకు కట్టుచున్నారు. ఈ చివరి తెగవారు తమది ఎడ్లబండియే గదా, దీనికి రిజిస్టరీ యేమి యని నిజముగానే నమ్ముచున్నారు.

చట్టము చెప్పునది వినుడు. ఇప్పుడు నడచుచున్నది 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. ఇది 1989 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దానికి ముందు 1939వ సంవత్సరపు చట్టముండెను. మోటారు వాహనముచే లాగబడునది గాని, లాగబడుటకు ఉద్దేశింపబడినది గాని ట్రెయిలరు అని ఈ చట్టము నిర్వచించినది. మఱియు మోటారు వాహనము అను మాటలో ట్రెయిలరు కూడ చేరియున్నదని స్పష్టముగా వ్రాసినది. కావున టైరుబండిని ఎడ్లు లాగినంతకాలము ఈ చట్టమునకు దానితో పని లేదు. అదే బండిని ట్రాక్టరునకు కట్టిన క్షణమున అది ట్రెయిలరగును. బండి మారలేదు, చక్రములు మారలేదు. లాగువాడు మారినాడు, దానితో చట్టము మారినది.

ఇంజను లేనిది మోటారు వాహనమెట్లగునని మీరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. నిండు తొట్టి ట్రాక్టరు కంటె బరువుగా నుండుట సామాన్యము. పల్లమున ట్రాక్టరు ఆగదలచినప్పుడు ఆ బరువు వెనుకనుండి త్రోయును. మన రోడ్డుననే అరకు కొండ దిగివచ్చు డ్రైవర్ల నడుగుడు, ఎవడు ఎవనిని నడిపించుచున్నాడో వారు చెప్పగలరు. ఇరుసు విఱిగినను, కొక్కెపు మేకు జారినను, విడిపోయిన తొట్టి ఎటు పోవునో ఎవ్వరి చేతిలోను ఉండదు. రాత్రివేళ దీపము లేక, ఎఱ్ఱ అద్దము లేక రోడ్డు ప్రక్కన నిలిపిన తొట్టిని వెనుకనుండి గ్రుద్దుకొని మోటారు సైకిలు కుఱ్ఱవాండ్రు ఎందఱు పోయిరో మన ఊళ్ళవారికి నేను చెప్పనక్కఱలేదు. ఇంజను లేకపోయినంత మాత్రమున అది నిరపాయమైన వస్తువు కాదు. చట్టము దానిని వాహనముగా లెక్కించుట అధికారుల పెంకితనము కాదని నా అభిప్రాయము.

ఇంకొక అపోహ. నా తొట్టి నా పొలము దాటదు, రోడ్డెక్కదు, నాకు రిజిస్టరీ ఎందుకని కొందఱందురు. చట్టములోని 39వ విభాగము రిజిస్టరీ లేని వాహనమును బహిరంగ స్థలమున గాని, మఱి యే ఇతర స్థలమున గాని నడుపరాదనుచున్నది. ఆ 'ఇతర స్థలము' అను మాట చాలమంది చదువరు. ఫ్యాక్టరీ వంటి మూసిన ఆవరణములలో మాత్రమే పనిచేయుటకై ప్రత్యేకముగా చేయబడిన వాహనములకు మినహాయింపున్నది గాని, వరిపొలము అట్టి ఆవరణము కాదు. అంతేగాక పొలమునకు పోవలెనన్న ముందు రోడ్డు దాటవలెను గదా!

రిజిస్టరీ లేక నడిపినవానికి శిక్ష యేమన: 2019వ సంవత్సరపు సవరణ తరువాత చట్టములో ఉన్నది మొదటిసారికి 2,000 రూపాయలకు తక్కువ కాకుండ 5,000 రూపాయల వఱకు జుల్మానా. మఱల పట్టుబడినచో 5,000 నుండి 10,000 వఱకు జుల్మానా గాని, సంవత్సరము వఱకు ఖైదు గాని, రెండును గాని. బీమా లేకున్న అది వేఱు నేరము; మొదటిసారికి 2,000 రూపాయలు గాని, మూడు నెలల వఱకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. వాహనమును ఆపి పట్టి ఉంచుటకు కూడ అధికారులకు హక్కున్నది. కోతల దినములలో తొట్టి పోలీసు స్టేషను ఆవరణములో నిలిచిపోయిన రైతు పడు ఇబ్బంది జుల్మానా కంటె పెద్దది.

అయినను జుల్మానా అసలు భయము కాదు. అసలు భయము ప్రమాదమునకు సంబంధించినది. దీనిని కొంచెము నిదానముగా చెప్పవలెను.

ట్రాక్టరునకు బీమా కట్టినాను, అది తొట్టికి కూడ చెల్లునని చాలమంది తలంతురు. అట్లు కాదు. పాలసీ కాగితము తెఱచి చూడుడు. అందులో ట్రాక్టరు సంఖ్య ఉండును. తొట్టి సంఖ్య వేఱుగా వ్రాసి, దానికి వేఱుగా ప్రీమియము కట్టించుకొన్నట్లు లేకపోయినచో తొట్టికి బీమా లేదని ఎంచుకొనవలెను. రిజిస్టరీయే లేని తొట్టికి పాలసీలో వ్రాయుటకు రిజిస్టరీ సంఖ్య యెక్కడనుండి వచ్చును? ఒకటి లేకపోవుట రెండవదానిని కూడ లేకుండ చేయును.

2007లో సుప్రీంకోర్టు ఇట్టి వ్యవహారమునే తీర్చినది. మట్టి పనికి కుదిరిన కూలి ఒకడు ట్రాక్టరు తొట్టి మీద పోవుచు గాయపడెను. ట్రాక్టరునకు బీమా ఉన్నది. అదియు వ్యవసాయపు పనికి మాత్రమే. తొట్టికి లేదు. బీమా కంపెనీకి బాధ్యత లేదని న్యాయస్థానము తేల్చినది. అయితే ఆ కూలివాని బీదతనమును చూచి, రాజ్యాంగము తనకిచ్చిన ప్రత్యేకాధికారముతో, కంపెనీ ముందుగా అతనికి సొమ్ము చెల్లించి పిమ్మట ఆ సొమ్మును యజమానునివద్ద రాబట్టుకొనవచ్చునని ఆజ్ఞాపించినది. కూలివానికి న్యాయము జరిగినది. భారము మాత్రము తిరిగి తిరిగి యజమానుని తలమీదికే వచ్చినది. నష్టపరిహారము లక్షలలో నుండు ఈ కాలమున అయిదెకరముల రైతు అది ఎక్కడ తెచ్చి కట్టును? పొలము అమ్మవలెను.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పుణ్యగిరి శివరాత్రి తీర్థమునకును, విజయనగరము పైడితల్లి సిరిమాను ఉత్సవమునకును తొట్టి నిండ ఆడవారిని, పిల్లలను ఎక్కించుకొని పోవుట మనకు అలవాటైనది. తొట్టి సరకుకు గాని మనుష్యులకు కాదు. రిజిస్టరీ చేయించి, బీమా కట్టినంత మాత్రమున జనమును ఎక్కించుటకు అనుమతి దొరకినట్లు ఎవరును భావింపరాదు.

ఇక రిజిస్టరీ యెట్లు చేయించుకొనవలెనో చూతము. ముందు మీ తొట్టి ఏ జాతిదో నిర్ణయించుకొనుడు. దారి దానిని బట్టి యుండును.

ఒకప్పుడు రిజిస్టరీ అయి, కాగితములు పోయిన తొట్టి విషయము అన్నిటికంటె సులభము. తొట్టి దూలముల మీద తుప్పు గోకి చూచినచో ఛాసిస్ సంఖ్య అచ్చు కనుపింపవచ్చును. ప్రక్కరేకుల మీద పాత రంగు క్రింద పాత సంఖ్య యుండవచ్చును. ఏ.పి. 35 అని యున్నచో అది విజయనగరము జిల్లాది, ఏ.పి. 31 అని యున్నచో విశాఖపట్టణము జిల్లాది. 2019 నుండి రాష్ట్రమంతటికిని ఏ.పి. 39 అను గుఱుతు వచ్చినది. విజయనగరము జిల్లా 1979 జూన్ 1వ తేదీన ఏర్పడెను; అంతకు ముందు మన శృంగవరపుకోట విశాఖపట్టణము జిల్లాలోనిదే. కావున మిక్కిలి పాత తొట్టి యైనచో దాని సంగతి విశాఖపట్టణము రిజిస్టరులో వెదకుట మంచిది. సంఖ్య దొరకినచో, పుస్తకము పోయినదని పోలీసు స్టేషనులో తెలిపి, వారిచ్చు కాగితముతో 26వ ఫారము పెట్టి నకలు పుస్తకము పొందవచ్చును. బ్యాంకు అప్పుతో కొన్న తొట్టి యైనచో అప్పు తీఱినను పుస్తకములో అప్పు గుఱుతు తనంతట తాను పోదు. బ్యాంకువారి సంతకముతో 35వ ఫారము పెట్టి దానిని తీసివేయించుకొనవలెను.

పుస్తకము దొరకినది గాని అందులోని పేరు మీది కాదు. ఇది రెండవ చిక్కు. అమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను రవాణా కార్యాలయమునకు తెలియజేయవలెనని చట్టము. దానికి 29, 30 సంఖ్యల ఫారములున్నవి. మన వైపు మాత్రము సంతలో గేదెను కొన్నట్లు తొట్టిని కొనుచున్నారు. సొమ్ము చేతిలో పడినది, తొట్టి ఇల్లు చేరినది, బేరము ముగిసినది! అమ్మినవాడు తనకు చిక్కు వదలినదనుకొనును. వదలలేదు. 2018లో సుప్రీంకోర్టు ఒక కారు విషయమున, అది చేతులు మారి మారి నాలవవాని దగ్గఱకు పోయినను, రిజిస్టరులో ఎవని పేరున్నదో వాడే యజమానుడనియు, పరిహారమునకు వాడే బాధ్యుడనియు తీర్పు చెప్పినది. చట్టము కారునకొకటి, తొట్టికొకటి లేదు. కావున ఏండ్ల క్రిందట తొట్టి నమ్మి మఱచిపోయినవారు కూడ ఈ ప్రసంగము కొంచెము శ్రద్ధగా వినవలెను. పేరు మార్పించుటకై తొందరపడవలసినవాడు కొన్నవానికంటె అమ్మినవాడే యని నేననుకొందును.

తండ్రి పేరనున్న తొట్టి విషయములో పెద్దలైన మీకు ప్రత్యేకముగా ఒక పని యున్నది. యజమానుడు మరణించినచో వారసుడు ముప్పది దినములలో ఆ సంగతి కార్యాలయమునకు తెలిపి, మూడు నెలల వఱకు వాహనమును వాడుకొనవచ్చును. ఆ మూడు నెలలలోపల 31వ ఫారముతో తన పేరికి మార్పించుకొనవలెను. అన్నదమ్ములు పంచుకొనునప్పుడు పంపకపు కాగితములను వ్రాయించువారు, సాక్షి సంతకములు చేయువారు మీరే. అందులో మడులు, చెట్లు, బావిలో వంతులు, పశువులు అన్నియు వివరముగా వ్రాయుదురు. తొట్టి వచ్చుసరికి 'ట్రాక్టరు, సామగ్రి పెద్దవానికి' అని ఒక్క మాటతో సరిపెట్టుదురు. ఆ చోట తొట్టి రిజిస్టరీ సంఖ్య, ఛాసిస్ సంఖ్య వేఱుగా వ్రాయించుడు; మిగిలిన వారసులకు అభ్యంతరము లేదని వారి సంతకములు అప్పుడే తీసికొనుడు. పంపకము నాడు సంతకము చేయు తమ్ముడు, రెండేండ్ల తరువాత గట్టు తగవు వచ్చిన పిమ్మట చేయడు.

ఇప్పుడు మూడవది, అన్నిటికంటె కష్టమైనది: ఎన్నడును రిజిస్టరీ కాని తొట్టి.

క్రొత్త వాహనమునకు 20వ ఫారము దరఖాస్తుతోపాటు అమ్మినవారి 21వ ఫారము ధ్రువపత్రము, రోడ్డుమీద నడుచుటకు తగినదని తయారుచేసినవారిచ్చు 22వ ఫారము లేక బాడీ కట్టినవారిచ్చు 22-ఏ ఫారము, బీమా పత్రము, నివాసమునకు సాక్ష్యము ఉండవలెను. ట్రెయిలరు విషయములో వీటికి తోడు ఇంకొకటి అడుగుదురు: ఈ నమూనాను రాష్ట్ర రవాణా అధికారులు ఆమోదించినట్లు తెలుపు ఉత్తరువు నకలు. కేంద్ర మోటారు వాహనముల నియమములలో 47వ నియమమున ఈ సంగతి యున్నది. తొట్లు కట్టు కర్మాగారము వారు తమ నమూనా పటమును, కొలతలను సమర్పించి ఇట్టి ఆమోదము ముందే పొందియుందురు. కావున మీ తొట్టి అట్టివారు కట్టినదే యైనచో, ఎంత పాతదైనను ముందు వారియొద్దకే పోవుడు. ఛాసిస్ సంఖ్య చూపినచో తమ లెక్కలలో చూచి, పత్రముల నకళ్ళు ఇయ్యగల స్థితిలో వారుండవచ్చును.

ఊరి కమ్మరి చేసిన తొట్టికి ఈ ఆమోదము లేదు. అతని పనితనములో లోపమున్నదని నేననుట లేదు. కంపెనీ తొట్టి కంటె గట్టిగా చేసినవాడుండవచ్చును. కాని గట్టితనమునకు కాగితము లేదు. ఇట్టివారికి నాకు తోచిన మార్గము ఇది. పనికివచ్చు ఇరుసు, చక్రములు, కమానులు తీసికొని, ఆమోదము పొందిన కర్మాగారమునకు పోవుడు. వారు పరీక్షించి, వాడదగినవి వాడి, తగనివి త్రోసివేసి, తమ ఆమోదిత నమూనా ప్రకారమే తొట్టిని నిజముగా కట్టి, ఛాసిస్ సంఖ్య కొట్టి, తమ పేరనే బిల్లును, ధ్రువపత్రములను ఇచ్చుటకు ఒప్పుకొన్నచో అది న్యాయమైన దారి. ఒప్పుకొననిచో పాత ఇనుము తూకమునకు అమ్మి, వచ్చిన సొమ్మును క్రొత్త తొట్టికి జమ వేసికొనుటయే మేలు. మనసునకు కష్టముగా నుండును. అయినను లెక్క వేసి చూచినచో నష్టము తక్కువ.

ఈ సందర్భముననే దళారులు ప్రవేశింతురు. తొట్టిని చూడనైన చూడక, ఏదో కర్మాగారము పేరుతో ధ్రువపత్రము తెచ్చి యిత్తుమందురు. సంఖ్య కూడ మీ వాకిటనే కొట్టి పోదుమందురు. వారిని నమ్మవద్దు. అసత్యపు పత్రములతో పొందిన రిజిస్టరీని రద్దు చేయవలెనని చట్టములోని 55వ విభాగము చెప్పుచున్నది. దానిపైన దొంగకాగితము సృష్టించిన నేరము వేఱుగా ఉండనే యున్నది. అప్పుడు దళారి కనుపింపడు. దరఖాస్తు మీద సంతకము చేసినవాడే కనుపించును.

కాగితములు సిద్ధమైన పిమ్మట తొట్టిని కార్యాలయమునకు తీసికొనిపోవలెను. రిజిస్టరీ లేని తొట్టిని ఊరక ట్రాక్టరునకు కట్టి తీసికొనిపోయినచో త్రోవలో పట్టుకొనవచ్చును; అందుకొఱకే తాత్కాలిక రిజిస్టరీ యను ఏర్పాటున్నది. దానిని ముందు పొందుడు. ఇన్‌స్పెక్టరు ఛాసిస్ సంఖ్యను సరిచూచును. కావున ఆ చోట మట్టి, గ్రీజు తుడిచియుంచవలెను. కొక్కెము, మేకు, చక్రముల బోల్టులు, వెనుక దీపములు, వెనుక రెండు ఎఱ్ఱ అద్దములు చూచును. అద్దములకగు ఖర్చు తక్కువ. అవి లేవని మఱియొక దినము తిరుగుట అవివేకము.

తొట్టిని మీ సొంత వ్యవసాయమునకు వాడుదురా, అద్దెకు ఇసుక, ఇటుక తోలుదురా అను ప్రశ్న కూడ వచ్చును. నిజము చెప్పుడు. వ్యవసాయపు ట్రాక్టరు నియమముల ప్రకారము రవాణా వాహనము కాదు. కాని ట్రాక్టరును తొట్టిని కలిపి సరకు రవాణాకు వాడినచో అది సరకుల వాహనమే యగునని సుప్రీంకోర్టు 2005లో చెప్పియున్నది. అప్పుడు పన్ను, పర్మిటు, యోగ్యతా పత్రము అను బాధ్యతలు వచ్చును. వ్యవసాయమని వ్రాయించుకొని అద్దెకు తోలుచు పట్టుబడినవాడు బీమా విషయమున కూడ చిక్కుపడును. ఇంతకు ముందు చెప్పిన కూలివాని వ్యవహారములో జరిగినది అదియే.

సంఖ్య వచ్చిన పిమ్మట దానిని తొట్టి ప్రక్కన వ్రాయింపవలెను. తొట్టి వెనుక మాత్రము లాగుచున్న ట్రాక్టరు సంఖ్య కనుపింపవలెను. మన ఊళ్ళలో తొట్టిని బదులిచ్చుట మర్యాద. నేడు మీ ట్రాక్టరు వెనుకనున్నది ఱేపు పొరుగువాని ట్రాక్టరు వెనుక నుండును. అందుచేత వెనుక సంఖ్యను రంగుతో వ్రాయించుట కంటె, తగిలించి తీయుటకు వీలైన పలక చేయించుకొనుట మంచిదని తోచుచున్నది. బదులిచ్చునప్పుడు ఆ పలకను తీసికొనుట మఱవకుడు. లేనిచో పొరుగువాడు చేసిన ప్రమాదమునకు జనులు మీ సంఖ్యను వ్రాసికొందురు.

పుస్తకములో వ్రాసిన కొలతలను మార్చవద్దు. గడ్డి ఎక్కువ పట్టవలెనని ప్రక్కరేకులను శాశ్వతముగా ఎత్తు పెంచుట, ఇంకొక ఇరుసు చేర్చుట అనుమతి లేక చేయరాదు. పుస్తకములో గడువు తేదీ కూడ చూచుకొనుడు. రవాణా వాహనము కానిదానికి రిజిస్టరీ పదునైదేండ్లు చెల్లును. ఆ పిమ్మట అయిదేసి ఏండ్లకు పొడిగింతురు. గడువునకు ముందు అఱువది దినములలోపల 25వ ఫారము పెట్టవలెను. రవాణా వాహనమైనచో యోగ్యతా పత్రమును ఎనిమిదేండ్ల వయస్సు వఱకు రెండేండ్లకొకసారియు, ఆ పైన ఏటేటను పొందవలెను.

విజయనగరము కార్యాలయమునకు పోవునాడు అసలు పత్రములతోపాటు రెండేసి నకళ్ళు, ఆధారు కార్డు, ట్రాక్టరు పుస్తకము, బీమా పాలసీ, డ్రైవరు లైసెన్సు తీసికొనిపోవుడు. దరఖాస్తును ముందుగా కంప్యూటరు ద్వారా పంపి తేదీ తీసికొన్నవారికి అచ్చట ఆలస్యము తగ్గును. ఇంటిలో చదువుకొన్న పిల్లలున్నచో ఆ పని వారికి అప్పగింపవచ్చును. డబ్బు కట్టినదానికి రసీదు తీసికొని, దానిని పుస్తకము చేతికి వచ్చువఱకు భద్రపఱచుడు.